చలిసీమలలో డీజిలు లారీ

లారీ నెఱుగని పల్లె నేడు మనకు లేదు. ధాన్యము మిల్లునకు పోవుటకును, ఎరువు పొలము గట్టునకు వచ్చుటకును, ఇటుకయు ఇసుకయు ఇంటి ముంగిట దిగుటకును లారీయే ఆధారము. మన యెండలకు టైర్లు ప్రేలుటయు, రేడియేటరులోని నీరు తెరలుటయు మనము చూచినవే. కాని చలి యీ బండిని నిలిపివేయగలదని చెప్పినచో మన ప్రాంతమువారు నవ్వుదురు. మన ధనుర్మాసపు చలి మనుష్యుని కంబళి కప్పుకొనజేయునేగాని లారీని ఆపజాలదు. అయినను భూమండలమున పెక్కు దేశములలో, మన దేశమునందే హిమాలయపు లోయలలో, ఏటేటా నాలుగైదు నెలలు చలియే లారీకి ప్రథమ శత్రువు. ఆ శత్రువుతో మనుష్యుడు నూఱేండ్లుగా సాగించిన పోరాటమును, ముఖ్యముగ వయసు మీరిన డీజిలు బండిని అట్టి చలిలో కాపాడుకొన్న విధమును, నేడు మీకు మనవి చేయదలచితిని. ఇది వట్టి యంత్రముల కథ కాదు. మంచు కురియు కొండసీమలో లారీ నిలిచినచో, కొన్నాళ్లకు అచ్చటి యిండ్లలో పొయ్యియు నిలుచును.

డీజిలు యింజనునకు చలి యేల శత్రువైనదో తెలియవలెనన్న, ముందుగ దాని ప్రాణ మెచ్చట నున్నదో తెలిసికొనవలెను. పెట్రోలు యింజనులో విద్యుత్తు ఒక నిప్పురవ్వను పుట్టించి యింధనము నంటించును. డీజిలు యింజనులో ఆ నిప్పురవ్వ లేదు. అగ్గిపుల్ల లేకయే అంటుకొను పొయ్యి యది. మీరు సైకిలు చక్రమునకు గాలి కొట్టిన పిమ్మట పంపు అడుగుభాగమును ముట్టి చూచియుందురు; అది వెచ్చబడి యుండును. గాలిని గట్టిగ నొక్కినచో వేడి పుట్టును. ఈ చిన్న సత్యము మీదనే డీజిలు యింజను నిలిచియున్నది. పిస్టను పైకి పోవుచు సిలిండరులోని గాలిని పదునాఱవ వంతునకో, అంతకంటె తక్కువకో కుదించును. ఆ గాలి కాలిన యినుమువలె వేడెక్కును. అప్పుడు డీజిలు సన్నని తుంపరగా లోనికి చిమ్మబడి, ఆ గాలిని తాకిన తోడనే మండును.

ఇచ్చట నొక లెక్క చెప్పెదను. ముప్పది డిగ్రీల వెచ్చని గాలిని పదునాఱవ వంతునకు కుదించినచో అది రమారమి 500 డిగ్రీల వఱకు వేడెక్కును. సున్నకు దిగువ ముప్పది డిగ్రీల గాలిని అంతే కుదించినచో 350 డిగ్రీలకు కొంచె మెక్కువగ మాత్రమే చేరును. మొదట నున్న తేడా అరువది డిగ్రీలు; చివర తేలిన తేడా నూటయేబది డిగ్రీలు. ఆ పుట్టిన కొద్ది వేడిని గూడ మంచువలె చల్లబడిన యినుపగోడలు పీల్చివేయును. ఇక పాత బండి మాట చెప్పనేల? పిస్టను రింగులు అరిగిపోయిన యింజనులో నొక్కిన గాలి సందులనుండి జారిపోవును. గాలి జారినచో వేడియు జారును. అందుచే ఒకే చలిలో, ఒకే తెరువున, క్రొత్త బండి లేచి పోవును; పాత బండి దగ్గి దగ్గి తెల్లని పొగ విడిచి నిలిచిపోవును. మన మెట్టపొలములలో బావి మీద ఆయిలింజనును చేతితో త్రిప్పిన పెద్దలకు ఈ మాట సులభముగ బోధపడును. మాపటి వేళ ఒక్క త్రిప్పునకు లేచెడి యింజను మాఘమాసపు తెల్లవాఱుజామున పది త్రిప్పులు కోరుచుండెను గదా!

ఈ యింజనును కనిపెట్టిన మహాశయుడు రుడాల్ఫ్ డీజిల్. ఆయన 1858వ సంవత్సరమున ప్యారిసు నగరమున జర్మను తలిదండ్రులకు జన్మించెను. మ్యూనిక్ నగరపు సాంకేతిక విద్యాలయమున కార్ల్ లిండె యను ఆచార్యుని యొద్ద చదివెను. ఇందొక విచిత్రము కలదు. లిండె పండితుడు మంచుగడ్డను తయారుచేయు యంత్రములకు ప్రసిద్ధుడు. శిష్యుడును చదువు ముగిసిన పిదప పెక్కేండ్లు గురువుగారి మంచుయంత్రముల వ్యాపారమునందే పని చేసెను. అనగా, వేడిమితోనే బ్రదుకు ఈ యింజనుయొక్క ఊహ మంచు తయారుచేయు కర్మాగారమున పని చేసినవాని బుద్ధియందు పెరిగినది. గాలిని నొక్కిన వేడెక్కుననియు, వదలిన చల్లబడుననియు ఆయన రెండు వైపుల నుండియు ఎఱిగినవాడు.

1893వ సంవత్సరమున ఆయనకు పేటెంటు లభించెను. ఆ యేటి ఆగస్టు మాసముననే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణపు యంత్రశాలలో మొదటి యింజనును పరీక్షించిరి. అది సరిగ నడవలేదు. ఇంకను నాలుగేండ్లు శ్రమించిన పిదప, 1897వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, ఇరువది గుఱ్ఱముల బలము గల యింజను పండితుల పరీక్షకు నిలిచెను. ఇంధనములోని వేడిలో నూటికి ఇరువదియాఱు వంతులను అది పనిగా మార్చగలిగెను. ఆ కాలమున సాధారణముగ వాడుకలోనున్న ఆవిరియంత్రములు అందులో సగమైనను సాధింపజాలకుండెను. 1900వ సంవత్సరపు ప్యారిసు ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు యింజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. వేరుసెనగను పండించు మన రాయలసీమ రైతులు ఈ సంగతి విని సంతసింపవచ్చును.

అయితే ఆ నాటి డీజిలు యింజను భారీ యంత్రము. ఇంధనమును సిలిండరులోనికి చిమ్ముటకు వేఱుగ నొక గాలి నొక్కు యంత్రము కావలసియుండెను. మిల్లులకును ఓడలకును అది తగినదేగాని తెరువున పోవు బండికి తగినది కాదు. కట్టడపు గోడల నడుమ నిలుచు యింజనునకు చలిబాధ యంతగా లేదు. డీజిల్ మహాశయుడు 1913వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీ రాత్రి, ఇంగ్లండునకు పోవు ఓడమీదనుండి అదృశ్యుడయ్యెను. పిదప సముద్రమున శవము దొరకెను. తన పేరు మోయు యింజను లారీ నెక్కి దేశదేశముల తెరువులు త్రొక్కుటను ఆయన చూడనే లేదు.

ఆ కార్యమును తరువాతివారు సాధించిరి. జర్మనీలో బెంజ్ సంస్థయందు ప్రాస్పర్ లోరాంజ్ అను యింజనీరు, సిలిండరునకు ముందు ఒక చిన్న గదిని కల్పించి, మంటను ముందుగ నందు పుట్టించు పద్ధతిని 1909వ సంవత్సరముననే కనిపెట్టియుండెను. ఆ పద్ధతితో 1923వ సంవత్సరమున బెంజ్‌వారు డీజిలు లారీని తెరువుమీద నడిపిరి. 1924వ సంవత్సరమున ఆగ్స్‌బర్గు యంత్రశాలకు వారసులైన మాన్ సంస్థవారు ఇంధనమును నేరుగ సిలిండరులోనికి చిమ్ము లారీని తెచ్చిరి. 1927వ సంవత్సరమున బాష్ సంస్థవారు ఇంధనమును కొలిచి చిమ్ము పంపును కర్మాగారమున వరుసగ తయారుచేయ నారంభించిరి. అప్పటినుండి డీజిలు లారీ లోకమంతట వ్యాపించెను. ఇల్లు విడిచి వీధికెక్కినది గనుక, ఆనాటినుండియే దానికి చలితో వైరము మొదలయ్యెను.

లోరాంజ్‌గారి చిన్నగది యింజనులకు చలి మఱింత బాధ కలిగించెను. గది గోడలు అదనముగ వేడిని పీల్చుటచే అవి తెల్లవాఱి త్వరగ లేచెడివి కావు. దానికి విరుగుడుగా గదిలో నొక చిన్న తీగను విద్యుత్తుతో ఎఱ్ఱగ కాల్చి, అది కాలిన పిమ్మటనే యింజనును త్రిప్పు ఆచారము వచ్చెను. దానిని గ్లో ప్లగ్గు అందురు. పాత జీపులును చిన్న లారీలును నడిపినవారు తాళము త్రిప్పి కొంతసేపు వేచియుండుట నెఱుగుదురు. ఆ వేచియుండుట వృథా కాదు. అది పొయ్యిలో నిప్పు రాజుకొను కాలము.

చలి చేయు రెండవ ద్రోహము ఇంధనముమీద. ధనుర్మాసమున తెల్లవాఱుజామున కొబ్బరినూనె సీసాను తలక్రిందులు చేసినను చుక్క రాలదు. ఎండలో నుంచిన కొంతసేపటికి అది కరగును. డీజిలునందును మైనము కలదు. చలి హెచ్చుకొలది ఆ మైనము మొదట మబ్బువలె కనుపించును. పిదప సన్నని పలుకులై ఫిల్టరును మూసివేయును. తుదకు డీజిలంతయు కదలక పేరుకొనును. ట్యాంకు నిండుగ నుండగనే యింజను ఆకలితో ఆగిపోవును. ఇది ఎంతో చలిలో జరుగునని తలపకుడు. మన దేశపు ప్రమాణముల ప్రకారము సామాన్యపు డీజిలు వేసవిలో 18 డిగ్రీల వఱకును, చలికాలమున 6 డిగ్రీల వఱకును ఫిల్టరును మూయకుండిన చాలును. మైదానసీమలకు అది సరిపోవును. నీరు గడ్డకట్టు కొండసీమలకు అది యేమాత్రమును చాలదు.

మూడవ ద్రోహము నీటి మూలమున. నీరు గడ్డకట్టునపుడు తొమ్మిది వంతులు హెచ్చి నూటతొమ్మిది వంతులగును. ఆ యుబ్బునకు ఇనుపదిమ్మయు పగులును. ఒక్క రాత్రి యేమరుపాటున యింజను దిమ్మ చీలినచో అది తిరిగి అతుకుకొనుట దుర్లభము. నాల్గవది బ్యాటరీ. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో అది తన బలమున రమారమి సగమును కోల్పోవును. ఆ సమయముననే యింజను లోని నూనె బంకవలె గట్టిపడి, త్రిప్పుటకు రెట్టింపు బలము కోరును. బలము తగ్గిన వేళ బరువు పెరుగుట యనగా నిదియే.

ఈ ద్రోహములన్నియు ఒక్కసారిగ లోకమునకు తెలిసివచ్చిన కాలము రెండవ ప్రపంచయుద్ధము. 1941వ సంవత్సరపు చలికాలమున జర్మను సేనలు మాస్కో నగరపు వాకిటికి చేరెను. చలి సున్నకు దిగువ ముప్పది డిగ్రీలకు దిగెను. వేసవిలోనే యుద్ధము ముగియునని నమ్మి వచ్చిన ఆ సేనకు చలికాలపు నూనెలు చాలినన్ని లేవు. లారీలు, టాంకులు, ఫిరంగులు బిగుసుకొనిపోయెను. డ్రైవర్లు యింజనుల క్రింద మంటలు వేసిరి. కొందఱు రాత్రియంతయు యింజనులను నడుపుచు, లేని యింధనమును ఇంకను ఖర్చు చేసిరి. రష్యనులకు తమ చలి తమకు తెలియును. రాత్రి బండి నిలుపగనే వెచ్చగనున్న నూనెను, నీటిని బయటికి తీసి, ఉదయమున కాచి మరల పోయు పద్ధతి వారికి అలవాటు. వారి ప్రసిద్ధమైన టి-34 టాంకున డీజిలు యింజను కలదు. బ్యాటరీ చాలనపుడు యింజనును త్రిప్పుటకై అందు నొక్కిన గాలి సీసాలను అమర్చిరి. చలిని ముందే లెక్కలో చేర్చుకొన్న వారికిని, చేర్చుకొనని వారికిని గల భేదమును ఆ యొక్క చలికాలము చూపెను. ఆ యుద్ధపు జయాపజయములకు కారణములు పెక్కు కలవు. వానిలో నిదియు నొకటి.

యుద్ధానంతరము ఉత్తర అమెరికాలో చలిని గెలుచు సాధనములు ఒక్కొక్కటిగ వాడుకకు వచ్చెను. అమెరికాలోని నార్త్ డకోటా సీమకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ యింజను దిమ్మను విద్యుత్తుతో వెచ్చబెట్టు సాధనమునకు 1949వ సంవత్సరమున పేటెంటు పొందెను. కెనడా దేశపు చలిపట్టణములలో బండి నిలుపు స్థలములందు విద్యుత్తు ముడులు కలవు. మన మెడ్లను గాటికి కట్టినట్లు అచ్చటివారు రాత్రిపూట బండికి తీగ తగిలింతురు. రేడియేటరు నీటిలో గ్లైకాలు అను ద్రవమును కలుపుట 1920ల దశకమునుండియే మొదలయ్యెను. దీనియందొక వింత కలదు. వట్టి గ్లైకాలు సున్నకు దిగువ 13 డిగ్రీలకే గడ్డకట్టును. నీటితో సగపాలు కలిసినపుడు 37 డిగ్రీల దిగువ వఱకు గడ్డకట్టక నిలుచును. కావున ఎక్కువ పోసిన ఎక్కువ మేలు అనుకొనుట పొరపాటు. ఆ ద్రవము తియ్యగనుండు విషము. పసిపిల్లలకును పశువులకును అందనీయరాదు.

ఆ కెనడా దేశముననే, ఎల్లోనైఫ్ పట్టణమునకు ఉత్తరముగ, 1982వ సంవత్సరమున గడ్డకట్టిన చెఱువులమీదుగ నొక శీతకాలపు తెరువు ఏర్పడెను. నేలతెరువు లేని గనులకు ఏడాదికి చాలిన డీజిలును, సరకును కొలది వారములలో ఆ మంచుమీదనే చేరవేయవలెను. అచ్చట చలియే మిత్రము, చలియే శత్రువు. చలి తగ్గినచో తెరువు కరగును. చలి హెచ్చినచో బండి బిగియును. నడుమనున్న సన్నని అవకాశములో డ్రైవరు తన బండిని నడపవలెను.

ఇక మన దేశపు సంగతికి వచ్చెదను. మన సైన్యమునకు బండ్లు కావలసివచ్చినపుడు, 1959వ సంవత్సరమునుండి జబల్‌పూరున శక్తిమాన్ అను లారీని తయారుచేసిరి. అది మాన్ సంస్థ యనుమతితో తయారైనది. ఆగ్స్‌బర్గున మొదటి యింజనును పరీక్షించిన యంత్రశాల వంశమునకే చెందినదన్నమాట. 1960వ సంవత్సరమున సరిహద్దు తెరువుల సంస్థ యేర్పడెను. 1962వ సంవత్సరమునకు శ్రీనగరమునుండి లద్దాఖునందలి లేహ్ పట్టణమునకు మోటారు తెరువు పూర్తియయ్యెను. అంతకుముందు కంచరగాడిదలమీదను, పొట్టి గుఱ్ఱములమీదను సాగిన వ్యాపారము క్రమముగ లారీల కెక్కెను.

ఆ తెరువు 11,500 అడుగులకు పైబడిన జోజి లా కనుమను దాటవలెను. మనాలినుండి పోవు రెండవ తెరువు 17,000 అడుగులకు మించిన తంగ్లంగ్ లా కనుమ నెక్కును. అంత యెత్తున గాలి నేలమట్టపు గాలిలో రమారమి సగము పలుచన. చలి ఇంజనుయొక్క వేడిని దోచుకొనగా, ఎత్తు దాని యూపిరిని దోచుకొనును. మంచు మూసినచో ఆ కనుమలు పెక్కేండ్లపాటు ఏటా నాలుగైదు నెలలు దాటరానివై యుండెను. అందుచే బియ్యము, పిండి, పప్పు, కిరసనాయిలు, మందులు మొదలగు సమస్తమును తెరువు మూతపడకమునుపే లేహ్‌కును, కార్గిలునకును చేరవలెను. కార్తీకమాసమున కనుమ యెక్కజాలక నిలిచిన లారీలోని సరకు వైశాఖమువఱకు అచ్చటి పిల్లల యాకలిని తీర్పజాలదు. మన మొక బండి ఆలస్యమైనదని విసుగుకొందుము. అచ్చట ఒక బండి ఆలస్యమగుట యనగా ఒక ఋతువు ఆలస్యమగుట.

ఆ తెరువుల డ్రైవర్లు సామాన్యపు డీజిలుతోనే చలికి ఎదురొడ్డిరి. డీజిలులో కిరసనాయిలు కలిపిరి. ట్యాంకుక్రింద పేలికలు కాల్చి, ఇంధనపు గొట్టములను కరగించిరి. ఇవి గత్యంతరము లేని వారి యుపాయములు. వారిని నిందింప నా కధికారము లేదు. కాని వాని వెల తెలిసియుండుట మంచిది. ఇంధనపు పంపునకు డీజిలే నూనె. దానిలోని జిడ్డే పంపు అరుగకుండ కాపాడును. కిరసనాయిలు హెచ్చిన కొలది ఆ జిడ్డు తగ్గి పంపు అరుగును. పెట్రోలు కలుపుట మఱింత ప్రమాదము. ట్యాంకులో నిప్పంటు ఆవిరి నిండును. ఈథరు చిమ్మి యింజనును లేపువారు కలరు. ఎఱ్ఱగ కాలిన గ్లో ప్లగ్గునకు ఈథరు తగిలినచో పిస్టను పగులవచ్చును. ఒక ఉదయమును గెలిపించు ఈ యుపాయములు బండి యాయువును కొంచెము కొంచెముగ కొఱికివేయును.

మఱి పాత బండికి మేలైన మార్గమేది? చలిదేశముల డ్రైవర్లు తరతరములుగ నేర్చినదానిని క్రోడీకరించి చెప్పెదను. చలికాలమునకు నెల ముందే చేయవలసినవి కొన్ని కలవు. ఇంధనపు ఫిల్టరును మార్చి, దాని అడుగున చేరిన నీటిని తీయవలెను. ఇంజను నూనెను చలికి తగిన పలుచని రకమునకు మార్చవలెను. బ్యాటరీ ముడులను శుభ్రపఱచి, దానిని నిండుగ బలపఱచవలెను. నిండు బలముగల బ్యాటరీలోని ఆమ్లము తీవ్రమైన చలియందును సులభముగ గడ్డకట్టదు; ఒట్టిపోయిన బ్యాటరీ సున్నకు కొలది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగులును. రేడియేటరు నీటిలో గ్లైకాలు పాలు కొలచి చూడవలెను. ఊపిరి చాలని పాత యింజనునకు గాలి ఫిల్టరును, చిమ్ము నాజిళ్లను బాగుచేయించవలెను.

సాయంకాలము చేయవలసినవి కొన్ని కలవు. ట్యాంకును నింపియే బండి నిలుపవలెను. సగము ఖాళీగనున్న ట్యాంకు గోడలకు రాత్రి చెమ్మ పట్టి, ఆ నీరు డీజిలులో కలిసి ఉదయమునకు గడ్డయగును. గాలి బ్రేకులు గల బండికి గాలి డబ్బాలలోని నీటిని ప్రతిదినము వదలవలెను. లేనిచో కవాటమున గడ్డకట్టి, లోయ యంచున బ్రేకు పట్టదు. తడిసిన చక్రములకు చేతిబ్రేకు బిగించి యుంచినచో రాత్రికి అది అతుకుకొనిపోవును. అందుచే సమమైన నేల చూచి, చక్రములకు రాళ్ల నడ్డము పెట్టుట మేలు. బండి ముఖమును గాలి వచ్చు దిక్కునకు త్రిప్పరాదు. రేడియేటరు ముందు దళసరి గుడ్డ కట్టవలెను. ఉదయము యింజను వేడెక్కిన పిమ్మట దానిని తగినంత తీయవలెను.

ఉదయము చేయవలసినది ముఖ్యముగ ఓర్పు. త్రిప్పుట కొలది క్షణములే. త్రిప్పి ఆపి, బ్యాటరీకి విశ్రాంతి నిచ్చి, మరల త్రిప్పవలెను. లేచిన వెంటనే యింజనును అరపింపరాదు. గట్టిపడిన నూనె పై భాగములకు చేరువఱకు మెల్లగ నడువనీయవలెను. మూసిన కొట్టములో యింజనును నడుపుచు ప్రక్కన నిద్రించుట ప్రాణాపాయము. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు. ఉప్పు చల్లి మంచును కరగించు దేశములలో చలికాలము ముగియగనే బండి అడుగుభాగమును కడిగి నూనె పూయుదురు. చలి ఒక రాత్రిలో చేయలేని నాశనమును త్రుప్పు పదేండ్లలో చేయును.

తుదకు ప్రభుత్వపు వంతు. 2019వ సంవత్సరము నవంబరు మాసమున ఇండియన్ ఆయిల్ సంస్థవారు పానిపట్టు కర్మాగారమున తయారైన చలికాలపు డీజిలును లద్దాఖు సీమలోని సామాన్య ప్రజల వాడుకకు విడుదల చేసిరి. అది సున్నకు దిగువ 33 డిగ్రీల చలియందును పేరుకొనక ప్రవహించును. లద్దాఖు, కార్గిలు, కాజా, కేలాంగు సీమల బండ్లకు ఇది పెద్ద మేలు. అయితే లెక్క చూడుడు. తెరువు పూర్తియైనది 1962వ సంవత్సరమున. ఆ తెరువునకు తగిన యింధనము పెట్రోలు బంకునకు వచ్చినది 2019వ సంవత్సరమున. నడుమ ఏబదియేడేండ్లు గడచెను. తెరువు వేసినంత మాత్రమున ఊరు దగ్గఱ కాదు. ఆ తెరువున నడుచు బండికి ఆ సీమకు తగిన ఆహారమును పెట్టినగాని పని పూర్తి కాదు. ఆ యేబదియేడేండ్ల లోటును నింపినవారు ఎవరనగా, వేకువజామున చేతులు కొంకర్లు పోవుచుండగా ట్యాంకుక్రింద చేరిన డ్రైవర్లును, క్లీనర్లును. చరిత్ర గ్రంథములలో డీజిల్ పేరు కలదు. లిండె పేరు కలదు. వీరి పేర్లు లేవు.

నేను ఈ చరిత్రనుండి గ్రహించినది ఒక్కటే. చలి యింజనును ఉన్నట్టుండి పడగొట్టదు. ఫిల్టరు అడుగున మిగిలిన నీటిని, ఒట్టిపోయిన బ్యాటరీని, నింపని ట్యాంకును వెదకి వెదకి పట్టుకొనును. క్రొత్త బండి ఆ యేమరుపాటును కొంత సహించును. పాత బండి సహింపదు. అందుచేత పాత బండి డ్రైవరే మేలైన డ్రైవరు కావలసివచ్చును. మన పెద్దలు చలికాలమున ముసలి యెద్దుమీద గోనెపట్టా కప్పి, కొట్టమున పొగ వేసి, దాణా వెచ్చజేసి పెట్టెడివారు. వయసు మీరినదని దానిని విడువలేదు. వయసు మీరినది గనుకనే ముందుజాగ్రత్త హెచ్చించిరి. యంత్రమునకు ప్రాణము లేదు గాని దాని మీద ఆధారపడిన వారికి కలదు. కనుమకు ఆవల సరకు కొఱకు ఎదురుచూచు ఇల్లాలికి, ఆ బండి క్రొత్తదో పాతదో తెలియనక్కరలేదు. అది వేళకు వచ్చిన చాలును.